విశ్వానికి గేజీ ఎక్కడ పాతాలి?

మా నాన్నగారు నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేశారు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, వేళకు నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. గోదావరికి వరద వచ్చిందంటే మాత్రం మకాం వసిష్ఠ ఏటిగట్టు మీదికి మారిపోయేది. 1986 ఆగస్టులో నాకు పదేళ్ళు. ఒక సాయంత్రం అన్నం క్యారేజీ పట్టుకుని పెదనాన్నతో గట్టు మీదికి వెళ్ళాను. వాన పట్టుకోవడంతో ఆ రాత్రి అక్కడే షెడ్డులో ఉండిపోయాం. తూము గోడకు బిగించిన గేజీ ముందు నాన్న గొంతుకు కూర్చుని, లాంతరు కిందికి దించి చూస్తున్నారు.

తెల్ల పలక మీద నల్లటి అడుగుల అంకెలు, మధ్యలో పదో వంతుల గీతలు. నీరు ఒక్క క్షణం నిలకడగా లేదు. ఒక అల వచ్చి రెండు గీతలు మింగుతోంది, వెనక్కు తగ్గుతూ మూడు గీతలు బయటపెడుతోంది. నాన్న తొందరపడలేదు. పది పన్నెండు అలలు పోనిచ్చి, ఎక్కువకూ తక్కువకూ నడిమి అంకె ఏదో మనసులో ఖాయం చేసుకుని అప్పుడు రాశారు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, "నువ్వు చూసి చెప్పు" అన్నారు. నేను నిలబడే వంగి చూసి ఒక అంకె చెప్పాను. "అలా కాదు, మెట్టు దిగు. కన్ను నీళ్ళకు సమానంగా పెట్టి చూడు" అన్నారు. దిగి చూస్తే నేను చెప్పినదానికీ అక్కడ ఉన్నదానికీ రెండు గీతల తేడా.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే చూశాను. అర్ధరాత్రి రెండో లస్కరు వచ్చాడు. నాన్న తాను రాసిన అంకె అతనికి చెప్పలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. అతను తనంతట తాను చూసి అంకె చెప్పిన తర్వాతే తెరిచారు. ఎందుకలా అని మర్నాడు దారిలో అడిగితే పెదనాన్న, "ముందే చెబితే వాడికీ అదే కనిపిస్తుందిరా" అన్నారు.

ఆ ఏడాది భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మళ్ళీ అందరూ 1986నే తలుచుకున్నారు. వరద రోజుల్లో మా పడమటి డెల్టాలో ఇంటింటికీ ఈ అంకెలు నోటికి వచ్చు. భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75. పైన ఇంత ఉందంటే మన గట్టుకు ఎప్పటికి ఎంత వస్తుందో పెద్దవాళ్ళు లెక్క కట్టి చెప్పేవారు. ఆ లెక్క తప్పవచ్చు. భద్రాచలం దాటిన తర్వాత కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది, దాని పొంగు లెక్కలో లేకపోవచ్చు. సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు. కానీ చెప్పిన మాట నిలిచిందో తప్పిందో మర్నాటికి గేజీ తేల్చేస్తుంది. చెప్పినవాడు ఎంత పెద్దమనిషైనా దానికి మొహమాటం లేదు.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. విశ్వం ఎలా పుట్టింది, దాని అసలు స్వరూపం ఏమిటి అనే ప్రశ్న మీద వచ్చే రకరకాల సిద్ధాంతాలను పాతికేళ్ళుగా వెంటపడి చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఎంత విడ్డూరమైన ఊహ అయినా చెయ్యవచ్చు, చెయ్యాలి కూడా. అయితే ఊహించినవాడే గేజీ కూడా పాతాలి. ఏ గీత దాటితే తన మాట తప్పని ఒప్పుకుంటాడో నీరు రాకముందే చెప్పాలి. అది లేని ఊహ ఎంత అందంగా ఉన్నా నేల విడిచిన సామే.

ఈ వ్యాసం రాయించింది మా మేనల్లుడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చి, ఇంకా సంచీ కింద పెట్టకముందే, "మామయ్యా, మనం ఉన్న విశ్వమంతా ఒక కృష్ణబిలం లోపల ఉందట, తెలుసా?" అన్నాడు. ఫోనులో వీడియో చూపించాడు. వాడి ముఖంలో ఉన్న వెలుగు నాకు ఎంతో నచ్చింది. సినిమా కబుర్లకు పోటీగా ఇంట్లో ఒకరు విశ్వం సంగతి ఎత్తడమే సంబరం. అందుకే మాట దాటవేయకుండా, భోజనాలయ్యాక కాగితం, కలం పట్టుకుని ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

ఈ ఊహ కొత్తది కాదు. భారతదేశంలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త ఆర్.కె. పత్రియా 1972లోనే దీని మీద 'నేచర్' పత్రికలో రాశారు. మనకు కనిపించే విశ్వంలోని ద్రవ్యరాశి మొత్తాన్ని కృష్ణబిలం సూత్రంలో వేస్తే వచ్చే వ్యాసార్ధం, విశ్వం పరిమాణానికి దగ్గరగా వస్తుంది. అది కాకతాళీయమా, అందులో ఏమైనా ఉందా అన్నది ప్రశ్న. 2025లో దీనికి కొత్త ఊపిరి వచ్చింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాలలో లియోర్ షమీర్ అనే శాస్త్రవేత్త 263 గెలాక్సీలు ఏ వైపు తిరుగుతున్నాయో లెక్కించారు. 158 ఒక వైపు, 105 రెండో వైపు. ఏ దిక్కుకూ పక్షపాతం లేని విశ్వంలో రెండూ ఇంచుమించు సగం సగం ఉండాలి. తిరిగే కృష్ణబిలం లోపల పుట్టిన విశ్వమైతే ఆ తిరుగుడు వారసత్వంగా వచ్చి ఒక వైపు మొగ్గు ఉండవచ్చు. వీడియో చెప్పింది ఇదే.

నేను వాడిని లెక్క వెయ్యమన్నాను. 263 సార్లు నాణెం ఎగరేస్తే బొమ్మ 131 దరిదాపుల్లో పడాలి. అటూ ఇటూ ఎనిమిది వరకు తేడా మామూలు. ఇక్కడ తేడా 26. నాణెం నిజాయతీపరురాలైతే ఇంత తేడా సుమారు వెయ్యికి ఒకసారి వస్తుంది. అంటే కొట్టిపారేయదగిన అంకె కాదు. వాడు గెలిచినంత సంతోషంగా నావైపు చూశాడు.

అప్పుడు వాడికి 1986 నాటి గేజీ సంగతి చెప్పాను. తర్వాత మరో కథ చెప్పాను. 2007లో 'గెలాక్సీ జూ' అనే ప్రయత్నం మొదలైంది. దాదాపు పది లక్షల గెలాక్సీల చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఏది ఏ ఆకారంలో ఉందో, ఏ వైపు తిరుగుతోందో చెప్పమని మామూలు జనాన్ని పిలిచారు. లక్షమందికి పైగా చేరారు. లెక్క చూస్తే అపసవ్య దిశలో తిరిగేవి ఎక్కువగా తేలాయి. అక్కడితో ఆగి ప్రపంచానికి చాటింపు వేసి ఉంటే ఎంత పెద్ద వార్త అయ్యేదో. వాళ్ళు ఆ పని చెయ్యలేదు. కొన్ని చిత్రాలను అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పి మళ్ళీ చూపించారు. గెలాక్సీలలోనే మొగ్గు ఉంటే బొమ్మ తిప్పినప్పుడు సవ్య దిశ ఎక్కువ కావాలి. కాలేదు. తిప్పినా జనం అపసవ్యమే ఎక్కువ చెప్పారు. మొగ్గు ఆకాశంలో లేదు, చూసే కంటిలో ఉంది.

షమీర్ కళ్ళతో కాదు, కంప్యూటర్ ప్రోగ్రాముతో లెక్కించారు, కాబట్టి ఆ తప్పే ఇక్కడ జరిగిందని నేను అనడం లేదు. కానీ ఆయన చూసింది ఆకాశంలో ఒక చిన్న ముక్కను. పైగా ఆయనే తన పత్రంలో రెండో దారి కూడా చూపించారు. మనం పాలపుంతతో పాటు తిరుగుతున్నాం కాబట్టి మనకు ఎదురుగా తిరిగే గెలాక్సీలు కాస్త ఎక్కువ ప్రకాశంగా కనిపించి, ఎక్కువగా లెక్కకు వచ్చి ఉండవచ్చని. అంటే నేను గట్టు మీద నిలబడి వంగి చూసిన తప్పు. ఆ మాట ఆయన రాశారు, వీడియో వదిలేసింది. నా కోపమంతా దాని మీదే. పరిశోధకుడు నిజాయతీగా కట్టిన పగ్గాన్ని తెంపి, ఊహను మాత్రం వీధిలోకి తోలేశారు.

ఊహించడం అంటేనే చిరాకుపడేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. మా స్టాఫ్ రూములోనే ఒకరు, "చూడలేని దాని గురించి కొట్లాడుకోవడం ఎందుకండి, తేలేదా పాడా" అంటుంటారు. ఆ మాట తప్పని చెప్పడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఒక ఓడిపోయిన సిద్ధాంతం.

1948లో ఫ్రెడ్ హాయిల్, హెర్మన్ బాండి, థామస్ గోల్డ్ స్థిరస్థితి సిద్ధాంతం ప్రతిపాదించారు. విశ్వానికి పుట్టుక లేదు, ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది, వ్యాకోచంతో ఖాళీ అయిన చోట కొత్త పదార్థం కొద్దికొద్దిగా పుట్టుకొస్తుంది అన్నారు. ఆ కొద్ది ఎంత కొద్ది అంటే ఒక పెద్ద గదిలో కోట్ల ఏళ్ళకు ఒక్క హైడ్రోజన్ పరమాణువు. విశ్వం ఒకప్పుడు ఒక్క ముద్దగా ఉండి విచ్చుకుందన్న ఎదుటి పక్షానికి 'బిగ్ బ్యాంగ్' అనే పేరు పెట్టింది కూడా హాయిలే, 1949లో బీబీసీ రేడియోలో. మన జయంత్ నార్లికర్ కేంబ్రిడ్జిలో ఆయన శిష్యుడు. ఇద్దరూ కలిసి 1964లో తమ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని వెలువరించారు.

ఈ సిద్ధాంతం తన గేజీ తానే పాతుకుంది. ఎప్పుడూ ఒకేలా ఉంటుంది అంటే, దూరాన ఉన్నవీ దగ్గర ఉన్నవీ ఒకే తీరుగా ఉండాలి, ఎందుకంటే దూరం చూడటమంటే గతం చూడటమే. రేడియో తరంగాలు వెదజల్లే గెలాక్సీలను లెక్కపెడితే దూరాన ఎక్కువగా తేలాయి. అది మొదటి దెబ్బ. 1965లో రెండోది పడింది. అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు కొమ్ము ఆకారపు పెద్ద యాంటెన్నాలో ఎటు తిప్పినా పోని ఒక సన్నని రొద పట్టుకున్నారు. లోపల గూడు కట్టిన పావురాలను తరిమి, వాటి రెట్టలు కడిగి, అతుకులన్నీ సరిచేసినా రొద పోలేదు. విశ్వం వేడిగా ఉన్న తొలి దశ నుంచి మిగిలిన వెచ్చదనం అది, ఇప్పుడు పరమ శూన్యానికి, అంటే అంతకన్నా చల్లబడడం సాధ్యం కాని ఉష్ణోగ్రతకు, 2.7 డిగ్రీలు మాత్రమే పైన. అలాంటిది సుమారు 5 డిగ్రీల దగ్గర ఉండాలని ఎదుటి పక్షంలోని రాల్ఫ్ ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ 1948లోనే రాసి పెట్టారు.

ఆ రొదను నేనూ చూశాను, మా తరం అంతా చూసింది. వెదురుగడకు కట్టిన యాంటెన్నా తుపాను గాలికి పక్కకు తిరిగిపోతే బ్లాక్ అండ్ వైట్ టీవీ తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు వచ్చేవి గదా. ఆ చుక్కల్లో కొద్ది భాగం ఈ వెచ్చదనం పుట్టించినదే. ఈ మాట చెప్పిన రోజు తరగతిలో వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తుతారు. ఇప్పటి పిల్లలకు ఆ చుక్కలు తెలియవు కాబట్టి ముందు చుక్కల గురించి చెప్పాల్సి వస్తోంది.

స్థిరస్థితి ఓడింది. కానీ అది వదిలి వెళ్ళింది ఏమిటో చూడండి. వేడి పుట్టుక లేదన్నారు కాబట్టి కార్బన్, ఆక్సిజన్, ఇనుము ఎక్కడ తయారయ్యాయో హాయిల్ వేరే చోట వెతకాల్సి వచ్చింది. నక్షత్రాల కడుపులో అన్నారు. మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలంటే కార్బన్ కేంద్రకానికి ఒక ప్రత్యేకమైన శక్తి స్థాయి ఉండి తీరాలని, అది 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉండాలని లెక్క కట్టి, 1953లో అమెరికాలోని కాల్టెక్ ప్రయోగశాలకు వెళ్ళి వెతకమన్నారు. నమ్మకం లేకుండానే వెతికారు. దొరికింది. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్‌తో కలిసి ఆయన రాసిన పెద్ద పత్రం, మన ఒంట్లో ఉన్న ఇనుము, సున్నం ఎక్కడివో ఈనాటికీ చెబుతోంది. వరద తీసిన తర్వాత లంక పొలాల్లో ఒండ్రు మిగిలినట్టు మిగిలింది అది. ఆ ఒండ్రు మీద పండిన పంటనే ఇవాళ తింటూ, ఆ వరద ఎందుకు వచ్చిందండీ అని అడగడం భావ్యం కాదు.

నార్లికర్ చివరి వరకూ బిగ్ బ్యాంగ్‌ను పూర్తిగా ఒప్పుకోలేదు. 1993లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి సవరించిన సిద్ధాంతం తెచ్చారు. ఆ 2.7 డిగ్రీల వెచ్చదనం, నక్షత్రాల వెలుగును సన్నని ఇనుప పోగుల్లాంటి ధూళి పీల్చి వదిలినది కావచ్చని వాదించారు. చాలామంది అంగీకరించలేదు, సాక్ష్యం కూడా అటు మొగ్గలేదు. 2025 మే నెలలో ఆయన పుణెలో కన్నుమూసినప్పుడు ఒకరిద్దరు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు అని రాశారు. నేను ఒప్పుకోను. మూడే కాళ్ళనేవాడు కుందేలును సంచిలో దాస్తాడు. ఈయన ప్రతిసారీ బయట పెట్టి, వచ్చి లెక్కపెట్టండి అన్నారు. అదే పుణెలో ఆయన కట్టిన ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థలో, ఆయన నమ్మని బిగ్ బ్యాంగ్ మీదనే ఎందరో పరిశోధన చేసుకున్నారు.

ఇక గెలిచిన పక్షం కూడా గేజీ తప్పు చదివిన సందర్భం ఉంది. విశ్వం పుట్టిన తొలి రెప్పపాటులో, రెప్పపాటు కూడా చాలా పెద్ద మాట, ఊహకు అందని వేగంతో ఉబ్బిందని ఆలన్ గూత్ 1980 ప్రాంతంలో చెప్పారు. దీన్ని ఇన్‌ఫ్లేషన్ అంటారు. అదే జరిగి ఉంటే, 2.7 డిగ్రీల వెచ్చదనంగా మిగిలిన ఆ పాత వెలుగులో మెలి తిరిగిన ఒక గుర్తు మిగలాలి. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గర పనిచేస్తున్న బైసెప్2 బృందం ఆ గుర్తు దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా పండుగ చేసుకుంది. 2015 జనవరికల్లా ప్లాంక్ ఉపగ్రహం లెక్కలతో కలిపి చూస్తే, ఆ గుర్తులో ఎక్కువ భాగం మన పాలపుంతలోని ధూళి పెట్టినదేనని తేలింది. మా వైపు ఆషాఢంలో ఎర్రనీరు కనిపిస్తే పైనుంచి కొత్త నీరు దిగిందని సంతోషిస్తాం, పులసల కోసం చూస్తాం. ఒక్కోసారి ఆ ఎరుపు పక్కనున్న మురుగుకోడు నుంచి వచ్చిన మట్టిదై ఉంటుంది. వాళ్ళకు జరిగింది అదే. ఇన్‌ఫ్లేషన్ పోలేదు, రుజువూ కాలేదు. ఆ బృందం కొత్త పరికరాలతో అదే ఆకాశాన్ని ఇంకా వెతుకుతోంది. తప్పు చదివి సరిదిద్దుకున్నవాళ్ళ మీద నా గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

ఇక్కడ ఒక నిజమైన చిక్కు ఉంది. మా పెరట్లో బోరు వేసినప్పుడు పైపులోంచి ముందు ఒండ్రు వచ్చింది, తర్వాత ఇసుక, ఇంకా కిందికి వెళ్ళాక నల్లటి బురద, అందులో సముద్రపు గవ్వల ముక్కలు. బోరు మేస్త్రి ఆ ముక్కలు నా అరచేతిలో పోశాడు. మేం ఇల్లు కట్టుకున్న చోట ఒకప్పుడు సముద్రం ఉందని, గోదావరి వేల ఏళ్ళ పాటు మట్టి తెచ్చి పోసి ఈ నేలను తయారు చేసిందని అరచేతిలోనే చదువుకోవచ్చు. ఆ చదువు నమ్మదగినది కావడానికి కారణం, పక్కన కృష్ణ డెల్టా ఉంది, గంగ డెల్టా ఉంది, నైలు డెల్టా ఉంది. ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. విశ్వం మాత్రం ఒక్కటే. పోల్చి చూడటానికి పక్క విశ్వం లేదు.

బహువిశ్వాల సిద్ధాంతం పుట్టింది ఈ చిక్కులోనే అని నాకు అనిపిస్తుంది. విశ్వాలు లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక్కోదానిలో ప్రకృతి స్థిరాంకాలు ఒక్కో రకంగా ఉంటాయి, మనలాంటివాళ్ళు బతకగలిగినదానిలో మనం ఉన్నాం అంటారు. చాలా కాలం నాకు ఇది తప్పించుకునే వాదంలా తోచేది. పక్క విశ్వానికి మనిషిని పంపలేం, వెలుగు రాదు, మరి గేజీ ఎక్కడ పాతుతారు అని క్లాసులో కూడా చెప్పేవాడిని. తర్వాత స్టీవెన్ వైన్‌బర్గ్ 1987లో చేసిన లెక్క గురించి చదివి ఆగాల్సి వచ్చింది. శూన్యానికే కొంత శక్తి ఉండవచ్చు. అది మరీ ఎక్కువైతే పదార్థం ముద్దకట్టకముందే విశ్వం చెదిరిపోతుంది, గెలాక్సీలు పుట్టవు, ప్రశ్న అడిగేవాడు ఉండడు. కాబట్టి అది ఈ హద్దు లోపలే ఉండాలని ఆయన హద్దు గీశారు. సున్నాయే కావాల్సిన పనిలేదు అని కూడా చెప్పారు. అప్పట్లో చాలామంది అది సున్నా అనే అనుకునేవారు. 1998లో దూరపు సూపర్‌నోవాలను కొలిచిన రెండు బృందాలు విశ్వం వ్యాకోచం వేగం పుంజుకుంటోందని కనుక్కున్నాయి. శూన్యపు శక్తి సున్నా కాదు, వైన్‌బర్గ్ హద్దు లోపలే ఉంది.

మా ఊరి పక్కనుంచే కాలువ ఎందుకు పోతోంది అని ఒక పిల్లాడు అడిగితే, నీళ్ళున్న చోటే ఊరు కట్టారు కాబట్టి అని చెబుతాం. ఆ జవాబు తప్పు కాదు. అయితే ఆ జవాబు ఇవ్వాలంటే కాలువ లేని బీడు నేల ఎక్కడో ఉందని మనకు తెలిసి ఉండాలి. బహువిశ్వాల వాదంలో ఆ బీడును ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందుకని వైన్‌బర్గ్ హద్దును గౌరవిస్తూనే, పక్క విశ్వాలు ఉన్నాయని పాఠంలో నిజంగా చెప్పడానికి నేను ఒప్పుకోను. ఒక ఊహ ఒక్కసారి గేజీకి నిలిచిందంటే దాన్ని వినాలి. తలకెత్తుకోనక్కరలేదు.

మేనల్లుడు రెండో అస్త్రం తీశాడు. మనమంతా ఎవరో నడుపుతున్న కంప్యూటర్ ఆటలో బొమ్మలమట. నిక్ బాస్ట్రమ్ అనే తత్వవేత్త 2003లో దీనికి తర్కం కట్టారు. ఆ తర్కం చదవదగినదే. కానీ అది విశ్వాన్ని గురించి ఏమీ చెప్పదు. లోపం కనిపిస్తే ఆట కాబట్టి, కనిపించకపోతే ఆట బాగా రాశారు కాబట్టి. నీరు ఎంత ఎత్తున ఉన్నా సరిపోయే గేజీని ఏటిలో పాతితే ఎంత, పాతకపోతే ఎంత? ఇది అన్నప్పుడు వాడి ముఖం చిన్నబోయింది. రోజర్ పెన్‌రోజ్ చూడు అన్నాను. విశ్వం ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందని, ముందటి విశ్వపు గుర్తులు ఆ పాత వెలుగులో వలయాలుగా కనిపించాలని చెప్పారు, కనిపించాయని 2010లో ఒక పత్రం కూడా రాశారు. మిగతావాళ్ళు మామూలు లెక్కతో తయారు చేసిన ఆకాశంలోనూ అలాంటి వలయాలే వస్తాయని చూపించారు. ఊహ విడ్డూరమే. అయినా చూపించడానికి, కాదనడానికి ఒక చోటు ఉంది.

మేం ఇలా మాట్లాడుకుంటుంటే మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన వచ్చి కూర్చున్నారు. కార్తికంలో రామాలయంలో పురాణం చెబుతారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. "మాస్టారూ, ఇవన్నీ మన వాళ్ళు ఎప్పుడో చెప్పారండి. కల్పం 432 కోట్ల ఏళ్ళు. మీ సైన్సు భూమికి 454 కోట్లు అంటోంది. దగ్గరే కదండీ" అన్నారు.

నేను ఆయనకు చెప్పింది దాచకుండా రాస్తాను. "మనం రోజూ సంకల్పంలో ద్వితీయ పరార్ధే అంటున్నాం కదండీ. అంటే బ్రహ్మగారి వయసులో సగం గడిచింది. ఆయన నూరేళ్ళు 311 లక్షల కోట్ల మానవ సంవత్సరాలు. ఆ లెక్కన ఇప్పటికి 155 లక్షల కోట్ల ఏళ్ళు దాటాలి. సైన్సు చెప్పే విశ్వం వయసు 1380 కోట్లు. నప్పిన అంకె ఒకటి పట్టుకుని నప్పనిది వదిలేస్తే, రేపు సైన్సు తన అంకె మార్చుకున్నప్పుడు పురాణం తప్పయిపోతుంది. దాన్ని ఆ బోనులో నిలబెట్టడం ఎందుకు?" అన్నాను. లెమైత్ర్ సంగతి కూడా చెప్పాను. విశ్వం ఆదిమ కణం నుంచి మొదలైందని 1931లో మొదట చెప్పినవాడు ఆయన, స్వయంగా క్యాథలిక్ మతాచార్యుడు. 1951లో పోపు ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా ప్రస్తావిస్తే, దేవుణ్ణి ప్రయోగశాల అంకెల మీద ఆధారపడేలా చెయ్యవద్దన్నట్టు ఇబ్బందిపడింది కూడా ఆయనే.

సంకల్పం నాకు ఎంతో ఇష్టం. బ్రహ్మ ఆయుర్దాయంతో మొదలుపెట్టి కల్పం, మన్వంతరం, యుగం, ద్వీపం, ఖండం దాటి, కృష్ణా గోదావరుల నడుమకు దిగి, చివరికి మన ఇంట్లో మన పీట దగ్గర ఆగుతుంది. ఇంత పెద్ద కాలంలో నేను ఇక్కడ కూర్చున్నాను అని రోజూ చెప్పుకునే మనిషి, విశ్వం గురించి అడగడం మరిచిపోడు. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం సృష్టి గురించి అడుగుతూ అడుగుతూ, పైనుంచి చూస్తున్నవాడికైనా తెలుసో తెలియదో అని ముగుస్తుంది. తెలిసిపోయింది అనలేదు. అందుకే, అన్నీ మాకు ముందే తెలుసు అనడం ఆ సూక్తానికే అపచారం అనిపిస్తుంది నాకు.

మన గడ్డ గొప్పదనమే కావాలంటే గేజీకి నిలిచేది ఉంది. 1868 ఆగస్టు 18న గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ దాని కోసమే వచ్చి గుంటూరులో పరికరాలు బిగించుకున్నాడు. ఆ గ్రహణం వేళ సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూసినవాళ్ళకు పసుపు రంగులో ఒక గీత కనిపించింది. అదే గీతను అక్టోబరులో ఇంగ్లండులో గ్రహణం లేకుండానే చూసిన నార్మన్ లాకయర్, అది భూమి మీద ఎవరూ ఎరగని మూలకానిదని తేల్చాడు. హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. విశ్వంలోని మామూలు పదార్థపు ద్రవ్యరాశిలో సుమారు నాలుగో వంతు హీలియమే. విశ్వం తొలి నిమిషాల్లో వేడిగా ఉండి ఉంటే ఇంతే హీలియం మిగలాలని బిగ్ బ్యాంగ్ లెక్క, కొలిస్తే అంతే ఉంది. బిగ్ బ్యాంగ్‌ను నిలబెట్టిన స్తంభాలలో ఒకటైన మూలకం, మనకు నూరు మైళ్ళ దూరంలో మన ఆకాశంలో వెలిగిన సూర్యుడిలో కనిపించింది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుంటూరులోనా అండి?" అని రెండుసార్లు అడిగారు. వచ్చే కార్తికంలో పురాణం మధ్యలో ఇది చెబుతానన్నారు.

ఇంతకీ గేజీ ఇప్పుడు కూడా కదులుతోంది. డెసీ అనే పెద్ద గెలాక్సీల సర్వే 2024లోను, 2025లోను ఇచ్చిన ఫలితాలు, విశ్వం వ్యాకోచానికి వేగం పెంచుతున్న డార్క్ ఎనర్జీ స్థిరంగా లేదేమో, కాలం గడిచే కొద్దీ బలహీనపడుతోందేమో అని సూచిస్తున్నాయి. ఇంకా ఖాయం కాలేదు. ఖాయమైతే విశ్వం ముగింపు గురించి ఇప్పటివరకు నేను పిల్లలకు చెప్పిన పాఠంలో కొంత భాగం మార్చుకోవాలి. మార్చుకుంటాను.

కనుమ నాడు పొద్దున్నే లేచి చూస్తే మేనల్లుడు అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అందరికీ అందుబాటులో ఉన్న గెలాక్సీ చిత్రాలు కొన్ని దింపుకున్నాడట. ఏది ఏ వైపు తిరుగుతోందో రాత్రి ఒకసారి లెక్కపెట్టాడు. ఇప్పుడు అన్నిటినీ అద్దంలో బొమ్మలా తిప్పి, వరుస కలిపేసి, మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాడు. లోపలినుంచి మా అక్క గారెలు చల్లారిపోతున్నాయని పిలుస్తోంది. పక్కన కూర్చుని, రాత్రి లెక్క ఎంత వచ్చిందిరా అని అడిగాను.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముందు నువ్వు చూసి చెప్పు మామయ్యా" అన్నాడు.